మిద్దె బదులు చెప్పిన పాట

ఏ పాట జనం నోట నిలుస్తుందో, ఏ పాట నాలుగు రోజులు మోగి పోతుందో ఒక్కసారి వింటే చెప్పేస్తాను. కల్లూరు నుంచి కర్నూలు ఊర్లోకి బస్సులో వచ్చేటప్పుడు డ్రైవరు కొత్త క్యాసెట్ పెడితే నేను పాటను పెద్దగా పట్టించుకోను. బస్సులో కూర్చున్నవాళ్ళ కాళ్ళు చూస్తాను. పాట సగానికి వచ్చేసరికి ఎన్ని బొటనవేళ్ళు కదులుతున్నాయో చూసుకుని, ఇది నిలుస్తుంది, ఇది నిలవదు అని పక్కనున్న మనవరాలికి చెబుతాను. ఇన్నేళ్ళలో తప్పింది రెండు మూడు సార్లే. "సంగీతం నేర్చుకున్నావా అవ్వా?" అని ఆమె స్నేహితురాళ్ళు అడుగుతారు.

లేదు. మిద్దెలు కొట్టాను.

ఈ మధ్య పాటలు కట్టాలని, క్యాసెట్లు వేయాలని ఉబలాటపడే పిల్లలు మా వీధిలోనే ముగ్గురున్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా గొప్ప చెప్పుకోవాలంటే వేరే కథలున్నాయి. ఇందులో ముందు నా పాట వల్ల ఒక మిద్దె కారింది. అందరూ మెచ్చుకున్న పాట అది. అందుకే ఈ కథ ఎంచుకున్నాను.

సిమెంటు స్లాబులు రాకముందు పెద్ద కట్టడాలకు గచ్చు మిద్దె వేసేవాళ్ళు. దూలాల మీద ఇటుకలు పేర్చి, వాటి మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన గచ్చు జానెడు మందాన పరిచేవాళ్ళు. అక్కడి నుంచి పని మాది. ఆడవాళ్ళం వరసగా గొంతుక్కూర్చుని, పిడి ఉన్న చెక్కలతో ఆ గచ్చును రోజుల తరబడి కొట్టాలి. బెల్లమూ కరక్కాయా నానబెట్టిన నీళ్ళు మధ్యమధ్య చల్లాలి. మెత్తగా అణిగే గచ్చు కొట్టగా కొట్టగా బిగుసుకుని, చివరికి చెక్కనే వెనక్కి ఎగరగొడుతుంది. అప్పుడు మిద్దె అయినట్లు.

పద్నాలుగు చెక్కలు ఒక్కసారి పడాలి, ఒకే బరువుతో పడాలి. ఒకరు ముందు, ఒకరు వెనక అయితే గచ్చు ఒకచోట అణిగి ఒకచోట ఉబ్బుతుంది. అందుకే పాట. మా ముఠాలో ఒకరు పాట చెప్పాలి, మిగిలినవాళ్ళు అందుకోవాలి. పాట చెప్పే మనిషి చేతిలో చెక్క లేకపోయినా కూలి మాత్రం సమానమే. మేస్త్రి దృష్టిలో పాట కూడా సున్నం లాంటి ఒక సరుకు.

మా ముఠాలో పాట చెప్పింది మొదట మా మేనత్త. సున్నపు దుమ్ముకు ఆమె గొంతు పోయింది. ఆ తర్వాత ఆమె కరక్కాయ నీళ్ళు కలిపే పనికి మారింది, పాట నాకు వచ్చింది. నాకప్పుడు ఇరవై ఏళ్ళు దాటి ఉంటాయి. ఎన్ని దాటాయో మా ఇంట్లో ఎవరూ రాసి పెట్టలేదు.

కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులవి. ఆఫీసులు గుడారాల్లో నడిచేవి, ఎక్కడ చూసినా సున్నపు గానుగలే తిరిగేవి. చేయగలిగిన చేతులకు పని దొరికేది. మాకు దొరికిన పని కర్నూలులో కాదు, కడపకు పోయే దారిలో ఒక చిన్న ఊర్లో. ఊరి పేరు వద్దులెండి. అక్కడి ఆసుపత్రికి కాన్పుల వార్డు కడుతున్నారు. అప్పటిదాకా కాన్పులు తడికెల పాకలో జరిగేవి. రోహిణి ఎండలకు ఆ పాకలో పసిబిడ్డలు పొద్దంతా ఏడ్చేవాళ్ళు. మా చెక్కల చప్పుడు ఆగినప్పుడల్లా ఆ ఏడుపు పైకి వినపడేది. అక్కడి ఆయమ్మ రోజూ ఒకసారి నిచ్చెన కింద నిలబడి "ఎన్నాళ్ళకయితాదమ్మా?" అని అడిగి పోయేది.

మా అత్త పాట ఎలాంటిదో చెప్పాలి. దాంట్లో మాటలంటూ పెద్దగా లేవు. పాట చెప్పే మనిషి "వేయవే అక్కా" అనాలి, వరస "వేసినా" అనాలి. అంతే. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా అదే. అక్కను చెల్లెలు చేస్తే అది కొత్త చరణం. నాకు ఆ పాటంటే చిన్నతనం. ముఠాలో చిన్నవాళ్ళందరికీ అంతే. అదే సమయానికి ఆసుపత్రి ఎదురుగా ఉన్న టీ హోటలు వాడు గొట్టం స్పీకరు తెచ్చి పెట్టాడు. టూరింగ్ టాకీసులో ఆడుతున్న సినిమా పాట ఒకటి రికార్డు మీద పొద్దున్నుంచి తిప్పేవాడు. రెండో రోజుకే మాకది వచ్చేసింది. వరసలో ఎడమ చివర కూర్చునే ఆమెది కమలాపురం. నోరు గల మనిషి, ఆమె నవ్వనిదే మాకు పూట గడిచేది కాదు. ఆమే అడిగింది:

"ఏమ్మే, ఆ రాగానికి మన మాటలు కట్టలేవా? ఈ వేసినా వేసినా అని నా నాలుక అరిగిపాయ."

కట్టాను. ఒక్క పూటలో కట్టాను. సున్నమూ చెక్కా గాజులూ అన్నీ వచ్చేట్లు, ప్రతి చరణం చివర ఒక మాటను మెల్లగా పైకి తీసుకుపోయి అక్కడ ఊయల ఊపినట్లు ఊపి దించేట్లు. ఆ ఊపు దగ్గరే పాటకు ప్రాణం. మరునాడు అందుకున్నాం. నిజం చెబుతున్నాను, అంత బాగా మేమెప్పుడూ పాడలేదు. టీ హోటలు వాడు తన రికార్డు ఆపేశాడు. దారిన పోయే బండ్లు నిలబడ్డాయి. సంతకు పోయే ఆడవాళ్ళు గంపలు దించుకుని కూర్చున్నారు. పనులు చూసే ఓవర్సీరు కోస్తా వైపు మనిషి, మద్రాసు నుంచి బదిలీ అయి వచ్చినవాడు, ఎప్పుడూ చేతిలో నల్ల గొడుగు. ఆయన కూడా కింద గొడుగు ఊతగా నిలబడి తల ఊపాడు. మేస్త్రి మీసాల చాటున నవ్వాడు. నాకు నేల మీద కాళ్ళు నిలవలేదు.

మూడో రోజు మధ్యాహ్నం మా అత్త నీళ్ళ కుండ దించి, గచ్చు మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది.

"పాట బాగుండాది మే," అంది. "దెబ్బ యాడుండాది?"

"నీ చెవులకు వయసయిపాయ అత్తా," అన్నాను.

"చెవికి కాదు మే, చేతికి అడుగుతాండా. ఈడ చెయ్యి పెట్టి సూడు."

పెట్టలేదు. ఆమె గొంతు పోయింది కాబట్టి నా గొంతు మీద కుళ్ళు అనుకున్నాను. అనుకోవడమే కాదు, అందరూ వినేట్లు అన్నాను కూడా. ఆమె కుండ ఎత్తుకుని పోయింది.

కొట్టడం పూర్తయ్యాక మిద్దెను పరీక్ష చేస్తారు. అంచుల వెంట బంకమట్టితో కట్ట వేసి నీళ్ళు నిలబెడతారు. ఒక పగలూ రాత్రీ చుక్క కారకూడదు. పొద్దున నీళ్ళు నింపారు. అన్నం వేళకు మేస్త్రి కింద వార్డు మధ్యలో, అడుక్కునేవాడిలా చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు. మేము లోపలికి పోయేసరికి ఆ అరచేతిలో ఒక చుక్క పడింది. ఆయన పక్కకు జరిగాడు. అక్కడా పడింది.

"వానొచ్చిందేమప్పా," అంది కమలాపురం ఆమె. ఎవరూ నవ్వలేదు.

మేస్త్రి తల మీది తువ్వాలు తీసి నేలకు కొట్టాడు. "పద్నాలుగు మంది కొట్టిన మిద్దెనా ఇది? నా తలకాయ యాడ పెట్టుకోవాల? ఏమ్మా పాటలామె, చెప్పు!"

ఓవర్సీరు వచ్చి పైకప్పు చూశాడు, నన్ను చూశాడు. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ ఆయన ముఖంలో. "ఇదేమిటమ్మా! నేను రోజూ కింద నిలబడి విన్నానే. ఎంత బాగా పాడారు!"

"సారు గూడా పాటే ఇన్నాడు," అంది కమలాపురం ఆమె మెల్లగా. "దెబ్బ ఎవరమూ ఇనలేదు."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. ఓవర్సీరు చెప్పవలసింది చెప్పాడు. పై గచ్చు మొత్తం తవ్వేసి కొత్తగా పరవాలి. మృగశిర వానలు పడేలోపల కొట్టడం అయిపోవాలి. రెండోసారి కారితే చిత్తూరు వైపు నుంచి వేరే ముఠాను పిలిపిస్తాడు, ఈ పక్క ఏ కట్టడానికీ మళ్ళీ మమ్మల్ని పిలవరు. ఆ రెండేళ్ళూ మా ఊర్లలో చేలు ఎండిపోయి ఉన్నాయి. ఈ పని పోతే పద్నాలుగు ఇళ్ళలో పొయ్యి వెలిగించే దారి వేరే లేదు. వరసలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మరునాడు పొద్దున్నే నేనొక్కదాన్నే మిద్దె ఎక్కాను. నీళ్ళు వదిలేశారు, గచ్చు ఆరుతోంది. ఆరిన చోట తెల్లగా, నీళ్ళు తాగిన చోట నల్లగా కనబడుతోంది. ఆ నలుపు మచ్చలు మచ్చలుగా లేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, జానెడు వెడల్పున, చార తర్వాత చార. చార చారకూ మధ్య ఒకే దూరం.

మేము గోడ దగ్గర పాట మొదలుపెట్టి, చరణంలో ఒక్కో మాటకు జానెడు చొప్పున వెనక్కి జరిగేవాళ్ళం. ఆ చివరకు పోయాక మళ్ళీ అదే గోడ దగ్గర, అదే మాటతో మొదలు. నేను ఆ గోడ అంచున నిలబడి, లోలోపల పాడుకుంటూ వెనక్కి నడిచాను. చరణం మొదట్లో తెల్ల గచ్చు. చివర మాట పైకి లేచి ఊగే చోటుకు వచ్చేసరికి నా పాదం నల్ల చార మీద ఉంది. ఇంకో చరణం పాడాను. మళ్ళీ ఊపు, మళ్ళీ నలుపు.

ఆ ఊపు దగ్గర పద్నాలుగు మందీ వింటున్నారు. తమ గొంతును తామే వింటున్నారు. చెక్క లేస్తోంది, పడుతోంది, కానీ పూలు చల్లినట్లు పడుతోంది. ప్రతిసారీ అదే చోట. నా పాటలో తియ్యటి చోటు ఎక్కడుందో మిద్దె మీద గీతలు గీసి ఉంది. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు. ఆ చారలు మాత్రం పూర్తిగా చదివాను.

దిగి వచ్చి నీళ్ళ కుండల దగ్గరకు పోయాను. "అత్తా, చెయ్యి పెట్టి చూసినా," అన్నాను.

"ఆలీసమాయనే," అంది. కరక్కాయలు నలగ్గొడుతూనే ఉంది. ఇంకో కాయ అందుకుంటూ, "కూచో. నీ గొంతుకు ఏం కాలేదు. గొంతు బాగుండేదే తంటా," అంది.

గచ్చు తవ్వడానికి రెండు రోజులు పట్టింది. మేము కొట్టినదాన్ని మేమే తవ్వడం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. కొత్త గచ్చు పరిచాక నేను మర్యాదగా మా అత్త పాట అందుకున్నాను. వేయవే అక్కా, వేసినా. మొదటి రోజు దెబ్బలన్నీ గుండ్రాయి పడ్డట్లు సమంగా పడ్డాయి. మా అత్త చెయ్యి పెట్టి చూసి తల ఊపింది. ఇక భయం లేదనుకున్నాం.

రెండో రోజు మధ్యాహ్నానికి ఆ పాట పని చేయడం మానేసింది. ఎండ నెత్తిన నిలబడి ఉంది. "వేసినా" అంటున్నారు గానీ వేయడం లేదు. నోరు ఒక దారి, చెయ్యి ఒక దారి. కొత్తగా పెండ్లయిన పిల్ల ఒకతె కండ్లు మూసుకుని, నిద్రలోనే వేసినా వేసినా అంటోంది. పాట మరీ తియ్యగా ఉంటే వింటూ చెయ్యి మరిచిపోతారు. మరీ చప్పగా ఉంటే పాటనే మరిచిపోతారు, దాంతో చెయ్యీ పోతుంది. రెండు పక్కలా కారే మిద్దే.

సంగటి తినడానికి నీడకు చేరాం. తూర్పున ఒక మూల మబ్బు లేచింది. మామూలుగా అయితే మా సీమలో మబ్బును చూసి దండం పెడతాం. ఆ రోజు పద్నాలుగు మందీ దాన్ని తిట్టుకున్నాం.

"మీ కాలంలో మధ్యాన్నాలు ఎట్ల కొడ్తాంటిరి అత్తా, ఇదే పాటతో?" అని అడిగాను.

"యాడ కొడ్తాంటిమి! మాకూ నిద్రే వస్తాండె. ఒకర్నొకరు తిట్టుకుంటాంటిమి. మేస్త్రి మీసాలను, గానుగెద్దును, యాతన పెట్టే అత్తను. ఈసారి ఎవర్ని తిడతారో అని కండ్లు తెరుచుకుని ఉంటాంటిమి." కుండలో గరిట తిప్పుతూ, "ఈ మిద్దె ఏమి మిద్దెనో గానీ శానా బెల్లం తాగుతాది," అంది తనలో తాను.

నేను సంగటి ముద్ద చేతిలో అట్లే పట్టుకుని ఉండిపోయాను. మళ్ళీ నిచ్చెన ఎక్కేటప్పుడు నా దగ్గర మూడు ముక్కలున్నాయి. మా అత్త పాటలోని నడక, అడుగుకు ఒక దెబ్బ, ఏ మాటా సాగదు. సినిమా పాట నుంచి ఒక చిటికెడు, చివర్న గొంతు కొంచెం పైకి లేచే మలుపు, ఒక్క దెబ్బసేపు మాత్రమే. ఇంకా ఎవరినో ఒకరిని తిట్టడం. నాలుగు మాటలూ ఒకేచోట కొట్టి, అప్పుడు జానెడు జరగాలని కూడా చెప్పాను. చారలు మళ్ళీ పడకూడదు కదా. కూర్చున్నారు. అందుకున్నాను.

సున్నం తిన్నాది మిద్దె,
బెల్లం తాగినాది మిద్దె,
గొడుగు సారు వచ్చినాడు,
ఏమంటాది మిద్దె?

ఆ చివరి మాట పైకి లేచి నిలబడింది. తర్వాత ఏముందంటే, ఏమీ లేదు. మిద్దె ఏమంటుందో నేను ఆలోచించుకోలేదు. గొడుగు సారు దాకా తట్టింది, జవాబు తట్టలేదు. నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఆ ఖాళీలో పద్నాలుగు చెక్కలు ఒక్కసారిగా పడ్డాయి. దబ్!

కమలాపురం ఆమె పడీ పడీ నవ్వింది. "ఇంకోసారి మే! మిద్దె ఇంకా శానా చెప్పాల!"

ఆ ఖాళీని నేనే ఆలోచించి పెట్టినట్లు తర్వాత చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. మీకు మాత్రం జరిగింది జరిగినట్లు చెబుతున్నాను. పెట్టింది నేను కాదు. కానీ అది పడగానే దాని విలువ తెలుసుకున్నది నేనే. రెండోసారి జవాబు తట్టింది, మంచి జవాబే. చెప్పలేదు. నోరు మూసుకున్నాను. నా ఉద్యోగంలో నేను చేసిన తెలివైన పని ఏదంటే ఆ నోరు మూసుకోవడమే.

మొదటి రెండు మాటలు మారవు. నిద్రలో కూడా వస్తాయి. మూడోదానిలో మనిషి మారతాడు. మీసాలప్ప వచ్చినాడు, టీ కొట్టప్ప వచ్చినాడు, మబ్బు ముండ వచ్చినాది. ఎవరొస్తారో అని అందరి కండ్లూ నా మీదే. నాలుగోది మళ్ళీ అదే ప్రశ్న. జవాబు వాళ్ళది, నాది కాదు. ఒక్కొక్కరూ తమ మనసులో ఉన్నది ఆ దెబ్బలో పెట్టి వేశారు. అత్తతో పడనామె ఒక రకంగా, మొగుడు చెప్పకుండా ఊరు వదిలి పోయినామె ఒక రకంగా. బరువు మాత్రం అందరిదీ ఒక్కటే. నిద్రపోయిన పిల్ల చెక్క అందరికంటే గట్టిగా పడింది. మూడో మాటలో వాళ్ళ అత్తగారిని నేను ఇంకా తీసుకురాకముందే.

కింద దారిలో ఈసారి ఎవరూ గంపలు దించుకుని కూర్చోలేదు. కానీ పోతూ పోతూ మా ప్రశ్న దగ్గర వాళ్ళ అడుగు కూడా ఆగింది, మా దెబ్బతో మళ్ళీ పడింది. వినడానికి నిలబడలేదు, పాటను తీసుకుని వెళ్ళిపోయారు. మెచ్చుకునే పాటకూ, ఎత్తుకుపోయే పాటకూ తేడా నాకు ఆ మిద్దె మీద నుంచి కనబడింది.

మూడో రోజు పొద్దెక్కుతోంది. మబ్బు తూర్పున సగం ఆకాశం పట్టేసింది. ఎన్నోసారో తెలియదు, "ఏమంటాది మిద్దె?" అన్నాను. ఆ ఖాళీలో పడిన చప్పుడు దబ్ కాదు. ఖణ్! రాతి మీద కొట్టినట్లు. చెక్కలు చేతుల్లో ఎగిరాయి. మాటలు నిండిన పాటలో అయితే ఆ చప్పుడు మారిన సంగతి ఎవరికీ వినపడేది కాదు. మా అత్త కుండ దించి గచ్చు మీద చెయ్యి ఆనించింది.

"బదులిచ్చినాది మే," అంది.

వెంటనే కట్ట వేసి నీళ్ళు నింపారు. మేస్త్రి వార్డులోకి పోయి నడుమ నేల మీద, తువ్వాలు తల కింద పెట్టుకుని, వెల్లకిలా పడుకుని కప్పు చూస్తూ ఉండిపోయాడు. అన్నానికి రమ్మంటే రాలేదు. "ఏమప్పా, నీకేమన్నా కాన్పా?" అని కమలాపురం ఆమె కిటికీలోంచి పలకరించినా లేవలేదు. ఆ సాయంత్రమే వాన పడింది. పైన మేము నిలబెట్టిన నీళ్ళు చాలవన్నట్లు ఇంకో జానెడు నిలబడింది.

తెల్లవారి పోయి చూశాం. మేస్త్రి పడుకుని లేచిన చోట దుమ్ములో ఒక్క చుక్క పడిన గుర్తు లేదు. మనిషి ఆకారం అట్లే ఉంది. దాని చుట్టూ ఎక్కడా తడి లేదు.

ఓవర్సీరు గొడుగు వేసుకుని వానలో నడిచి వచ్చాడు. గడప దాటి లోపలికి వచ్చాక కూడా గొడుగు మూయలేదు. కప్పు కింద ఈ మూల నుంచి ఆ మూలకు నడిచాడు. మధ్యలో నిలబడ్డాడు. అప్పుడు గొడుగు మూసి, గోడకు ఆనించాడు.

"గొడుగు సారంటే నేనేనా?" అన్నాడు నా వైపు చూసి.

"కాదు సారూ," అంది కమలాపురం ఆమె. "ఈ ఊర్లో గొడుగులుండే సార్లు శానామంది ఉండారు."

ఆ ఊర్లో గొడుగు ఉన్నది ఆయనొక్కరికే. ఆయనకూ తెలుసు. "సరే, కర్నూలులో ఇంకో పని ఉంది. అక్కడ కూడా నా పేరు చెప్పకండి," అన్నాడు నవ్వుతూ. "మూడో మాటలో గొడుగు మాత్రం ఉండనివ్వండి."

పదిహేను రోజుల్లో పాకలోని మంచాలన్నీ ఆ వార్డులోకి వచ్చాయి. నిద్రపోయిన ఆ పిల్లకు రెండేళ్ళ తర్వాత మొదటి కాన్పు ఆ కప్పు కిందే జరిగింది.

పాట ఏమయిందో చెబుతాను. అది మా చేతుల్లో ఉండలేదు. శనక్కాయలు వలిచేవాళ్ళు పట్టుకుపోయారు, వడ్లు దంచేవాళ్ళు పట్టుకుపోయారు. మగ్గాలుండే ఊర్లో ఒకసారి విన్నాను, మిద్దె పోయి మగ్గం వచ్చింది, సున్నం పోయి గంజి వచ్చింది, మూడో మాటలో షావుకారు వచ్చాడు. చివర ఖాళీలో మగ్గపు పలక కొట్టుకునే చప్పుడు. శ్రీశైలం పోయే దారిలో ఎడ్ల బండి ఆయన ఒకాయన పాడాడు. ఆయన ఖాళీలో ఎద్దు గంట మోగింది. అది నా పాట అని నేను ఎవరికీ చెప్పలేదు. మొదట్లో చెప్పాలని నాలుక దురద పెట్టేది. తర్వాత అర్థమైంది. పాడేవాళ్ళు తమదే అనుకోకపోతే అది అంత దూరం పోయేది కాదు.

కాబట్టి పిల్లలూ, మీ పాటలో అన్నీ మీరే నింపకండి. వినేవాడికి ముందే తెలిసినది చాలా ఉండాలి, లేకపోతే అందుకోలేడు. తెలియనిది కొంచెం ఉండాలి, లేకపోతే నిద్రపోతాడు. గొంతు చూపించుకోవాలనిపించే చోట చూపించుకోండి, కానీ ఒక్క దెబ్బసేపే. ఆపైన వాడి చోటు వాడికి వదిలిపెట్టండి. మీ వాయిద్యాలు ఎన్నయినా ఉండనీ, ఆ చోటు లేకపోతే మనిషి బొటనవేలు కదలదు. నేను బస్సులో చూసేది దాన్నే.

సిమెంటు వచ్చాక మా పని పోయింది. స్లాబు వేసేటప్పుడు పాట అక్కర్లేదు, అక్కడ మిషను మోత. నేను చాలా పనులు చేశాను, ఏదీ ఆ పని కాలేదు. అరవై దాటాక మా వీధిలో పెద్దవాళ్ళకు చదువు చెప్పడానికి మధ్యాహ్నం బడి పెడితే పోయి కూర్చున్నాను. చెప్పే పంతులమ్మ మా మనవరాలి వయసు పిల్ల. కూడబలుక్కుని రాయడం వచ్చాక, మీకు ఇష్టమైనది ఏదైనా నాలుగు వరసలు రాయండి అంది. కొందరు దేవుడి పేరు రాశారు, కొందరు పిల్లల పేర్లు. నేను ఆ పాట రాశాను. నాలుగో వరస కింద ఒక వరస ఖాళీ వదిలి, దాని కింద గీత గీశాను.

పంతులమ్మ పలక తీసుకుని చదివింది. బాగానే చదివింది. కానీ పలక మీద చూస్తే దాంట్లో ఏమీ లేదు. సున్నం, బెల్లం, మిద్దె. ఇన్నేళ్ళు నన్ను నిలబెట్టింది ఇదా అనిపించింది.

"ఇంతేనా అవ్వా?" అంది ఆ పిల్ల. "ఈడ ఖాళీ వదిలినావే, ఏమన్నా మరిచిపోయినావా?"

"మరిచిపోలేదు తల్లీ. దాన్ని రాసేకి రాదు," అన్నాను. "ఇంకోసారి చదువు. చివర కొంచెం పైకి తీసి ఆపు."

నవ్వుకుంటూ మళ్ళీ చదివింది. గొడుగు సారు వచ్చినాడు. ఏమంటాది మిద్దె? ఆపింది.

నేను చెయ్యి ఎత్తేలోపలే, నా వెనక చాపల మీద కూర్చున్న ముసలమ్మల అరచేతులన్నీ ఒక్కసారిగా నేల మీద పడ్డాయి.